వాక్‌స్వాతంత్ర్య వివాదాలు: తెలుగునాట ప్రజాప్రతినిధులు, పెద్ద సంస్థలు

ఎన్నికై అధికారంలో ఉన్నవారికీ, పత్రిక, టెలివిజన్, సినిమా రంగాల్లోని పెద్ద సంస్థలకూ మధ్య ఒక వార్త, వ్యాఖ్య, కథ లేదా వేదిక మీది ప్రసంగం కారణంగా మొదలై ఏళ్ల తరబడి సాగే తగాదాలు ఈ వ్యాస విషయం. ఇద్దరు వ్యక్తుల మధ్య సాధారణ పరువునష్టం వ్యాజ్యాలు దీని పరిధిలోకి రావు. ఒక పక్క ప్రభుత్వాధికారం, మరో పక్క వ్యాపార సంస్థ ఉన్నవే వస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో ఈ తగాదాలకు ఒక ప్రత్యేక లక్షణం ఉంది. గొడవ మాట మీద మొదలవుతుంది, పోరాటం మాత్రం మాట మీద జరగదు. చిట్‌ఫండ్ ఖాతాలు, కేబుల్ ప్రసారం, సినిమా టికెట్ ధర, స్టూడియో భూమి, ప్రభుత్వ ప్రకటనలు దానికి రంగస్థలాలవుతాయి. అందుకే ఈ వివాదాల్లో చాలావాటి ఫైళ్లలో వాక్‌స్వాతంత్ర్యం అన్న మాటే కనబడదు.

ప్రదేశం: జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్

తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలిరావడం ఒక్కరోజులో జరగలేదు. 1970, 80 దశకాల్లో ప్రభుత్వం స్టూడియోలకు స్థలాలు, రాష్ట్రంలో తీసిన చిత్రాలకు పన్ను రాయితీలు ఇచ్చి పరిశ్రమను పిలిచింది. అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్, కృష్ణ పద్మాలయా, డి.రామానాయుడు రామానాయుడు స్టూడియోస్ బంజారాహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఉన్న రాతిగుట్టల మీద వెలిశాయి. తెలుగు ఫిలిం ఛాంబర్ కార్యాలయం ఫిల్మ్‌నగర్‌లో ఉంది. తర్వాత వార్తా చానళ్లూ ఈ చుట్టుపక్కలకే చేరాయి. ఆంధ్రజ్యోతి, ఏబీఎన్ జూబ్లీహిల్స్ నుంచే నడుస్తాయి. చంద్రబాబు నాయుడు, రేవంత్ రెడ్డి నివాసాలు, అగ్ర నటుల ఇళ్లు కూడా ఈ పేటలోనే. తగవు పడేవాళ్లు ఇరుగుపొరుగువాళ్లు కావడం ఇక్కడ వింత కాదు.

2014లో రాష్ట్రం విడిపోయాక ఈ భౌగోళికానికి కొత్త అర్థం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పాలన అమరావతికి వెళ్లింది, చానళ్లు, నిర్మాణ సంస్థలు హైదరాబాద్‌లోనే ఉండిపోయాయి. ఆంధ్ర ప్రభుత్వానికి కోపం వస్తే పోలీసులు పొరుగు రాష్ట్ర రాజధానికి రావాలి. సంస్థల వైపు నుంచి చూస్తే, ఆఫీసు తెలంగాణలో ఉన్నా థియేటర్లలో, కేబుల్ కనెక్షన్లలో పెద్ద వాటా ఆంధ్రలో ఉంది. రెండు ప్రభుత్వాలనూ మెప్పించక తప్పని స్థితి ఇలా ఏర్పడింది.

రాజ్యాంగ, చట్ట నేపథ్యం

రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం పౌరులకు వాక్, భావప్రకటన స్వేచ్ఛ ఇస్తుంది. 19(2) కింద దేశ సమగ్రత, భద్రత, విదేశాలతో మైత్రి, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరప్రేరణ అనే కారణాలతోనే దాన్ని పరిమితం చేయవచ్చు. 'ప్రజా ప్రయోజనం' ఈ జాబితాలో లేదు. వ్యాపార స్వేచ్ఛకు సంబంధించిన 19(1)(జి)ని మాత్రం 19(6) కింద సాధారణ ప్రజా ప్రయోజనం కోసం నియంత్రించవచ్చు. ఈ తేడా చిన్నది కాదు. మాటను నేరుగా అడ్డుకోవడం ప్రభుత్వానికి కష్టం, ఆ మాట చెప్పే వ్యాపారాన్ని నియంత్రించడం తేలిక. తెలుగునాట వివాదాలు ఎక్కువగా రెండో దారి పట్టడానికి మూలం ఇక్కడుంది.

ఈ దారిని సుప్రీంకోర్టు ముందే గుర్తించింది. 1961లో సకాల్ పేపర్స్ కేసులో, పత్రికల పేజీలకూ ధరకూ ముడిపెట్టిన నిబంధనను కొట్టివేసింది. వ్యాపార నియంత్రణ పేరుతో వాక్‌స్వాతంత్ర్యాన్ని తగ్గించడం కుదరదని చెప్పింది. 1972లో బెనెట్ కోల్‌మన్ కేసులో న్యూస్‌ప్రింట్ విధానంలోని పేజీల పరిమితిని రద్దు చేసింది. కంపెనీ పౌరుడు కాదు కాబట్టి 19వ అధికరణాన్ని నేరుగా కోరలేదన్న వాదన 1963 నాటి స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ తీర్పు నుంచి ఉంది. బెనెట్ కోల్‌మన్ తీర్పు దానికి మార్గం చూపింది: వాటాదారులు, సంపాదకులు తమ హక్కు కోసం కోర్టుకు రావచ్చు. పత్రికా సంస్థలు రిట్ వేసేటప్పుడు ఒక వాటాదారునో సంపాదకుడినో పిటిషనర్‌గా చేర్చడం అందువల్లే.

సినిమాకు విడుదలకు ముందే ధ్రువపత్రం కావాలి. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ఆ పని కేంద్రానికి అప్పగించింది. 1970లో కె.ఎ.అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ ముందస్తు పరిశీలనను సమర్థించింది. థియేటర్ లైసెన్సులు, ప్రదర్శన వేళలు, టికెట్ ధరలు మాత్రం 1955 నాటి సినిమాల (నియంత్రణ) చట్టం ద్వారా రాష్ట్రం చేతిలో ఉన్నాయి. కథను ఆపలేని రాష్ట్రం ఆటను ఆపగలదు. శాసనసభల హక్కులు 194వ అధికరణం కింద ఉన్నాయి. వాటికీ పత్రికాస్వేచ్ఛకూ ఉన్న ఘర్షణ ఇప్పటికీ పూర్తిగా తేలలేదు (చూ. పెద్దల సభ – ఈనాడు).

తొలి దశ: 1939 నుంచి 1989 వరకు

గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ' (1939) జమీందారీ విధానాన్ని విమర్శించింది. జమీందారుల నుంచి తీవ్ర వ్యతిరేకత వచ్చి కొన్నిచోట్ల ప్రదర్శన నిలిచింది. చిత్ర నిర్మాణ సంస్థ సారథి వెనక ఉన్నది చల్లపల్లి జమీందారే కావడం ఆ వివాదంలో విచిత్రం. అప్పటి గొడవలో ఎన్నికైన నాయకుల కంటే భూస్వాముల పాత్రే ఎక్కువ కాబట్టి దాన్ని పూర్వరంగంగా మాత్రమే లెక్కించాలి.

అసలు రూపం ఎన్టీ రామారావు 1983లో ముఖ్యమంత్రి అయ్యాక కనిపిస్తుంది. సినిమా మనిషి ముఖ్యమంత్రి కావడంతో సినిమాయే రాజకీయ విమర్శకు వేదికైంది. కాంగ్రెస్ వైపున్న కృష్ణ, మరికొందరు ఎన్టీఆర్‌ను తలపించే పాత్రలతో వరుసగా చిత్రాలు తీశారు. 1987లో వచ్చిన 'మండలాధీశుడు'లో ఆ పాత్ర వేసిన కోట శ్రీనివాసరావు తర్వాత ఎన్టీఆర్ అభిమానుల దాడికి గురైనట్లు స్వయంగా చెప్పుకున్నారు. 1989లో 'గండిపేట రహస్యం', 'సాహసమే నా ఊపిరి' వచ్చాయి. అదే ఏడాది కృష్ణ ఏలూరు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇవి విడుదల కావడం గమనించదగ్గ విషయం. ఇంత నేరుగా అధికారంలో ఉన్న ముఖ్యమంత్రిని వెక్కిరించిన చిత్రాలు తర్వాతి దశాబ్దాల్లో అరుదు.

పెద్దల సభ – ఈనాడు (1983–85)

1983 మార్చిలో శాసనమండలి కార్యకలాపాల గురించి ఈనాడు రాసిన వార్తకు 'గలభా' అన్న మాటతో శీర్షిక పెట్టింది. సభను కించపరిచారంటూ మండలి హక్కుల ఉల్లంఘన చర్య చేపట్టింది. 1984 మార్చిలో సంపాదకుడు రామోజీరావును సభ ముందు నిలబెట్టి మందలించాలని తీర్మానించింది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అయినా హాజరుపరచాలని మండలి చైర్మన్ నుంచి హైదరాబాద్ పోలీసు కమిషనర్‌కు ఆదేశం వెళ్లింది. శాసనవ్యవస్థ ఒకటి చెబితే న్యాయవ్యవస్థ మరొకటి చెప్పిన ఆ స్థితిలో అరెస్టు జరగలేదు. కాంగ్రెస్ ఆధిక్యం ఉన్న ఆ మండలిని ఎన్టీఆర్ ప్రభుత్వం 1985లో రద్దు చేయించింది. రద్దుకు ఈ వివాదమే కారణమనడం అతిశయోక్తి అవుతుంది, ప్రభుత్వ బిల్లులకు మండలి అడ్డుపడటం అంతకంటే పెద్ద కారణం. 2007లో వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో మండలి తిరిగి వచ్చింది.

ఈనాడు – మార్గదర్శి వివాదం

తెలుగునాట ఇంతకాలం సాగిన వివాదం మరొకటి లేదు. రామోజీరావు 1962లో మార్గదర్శి చిట్‌ఫండ్‌ను, 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడును ప్రారంభించారు. ఉషాకిరణ్ మూవీస్, ఈటీవీ, ఫిల్మ్‌సిటీ తర్వాత చేరాయి. ఒకే కుటుంబం చేతిలో పత్రిక, చానల్, సినిమా నిర్మాణం, ఆర్థిక వ్యాపారం ఉన్నాయి. పత్రిక మీద కోపం వచ్చినవారికి చిట్‌ఫండ్ అందుబాటులో ఉన్న లక్ష్యం.

2004లో ముఖ్యమంత్రి అయిన రాజశేఖరరెడ్డి తన సభల్లో 'ఆ రెండు పత్రికలు' అంటూ ఈనాడు, ఆంధ్రజ్యోతిని పేరు చెప్పకుండా విమర్శించేవారు. ఆ మాట రాజకీయ వాడుకగా స్థిరపడింది. 2006 నవంబరులో కాంగ్రెస్ ఎంపీ ఉండవల్లి అరుణ్‌కుమార్ మార్గదర్శి ఫైనాన్షియర్స్‌పై ఫిర్యాదు చేశారు. హిందూ అవిభక్త కుటుంబ సంస్థ అయిన అది రిజర్వ్ బ్యాంకు చట్టం 45ఎస్ సెక్షన్‌కు విరుద్ధంగా ప్రజల నుంచి సుమారు రూ.2,600 కోట్ల డిపాజిట్లు సేకరించిందన్నది ఆరోపణ. ప్రభుత్వం విచారణకు ఎన్.రంగాచారిని నియమించింది. డిపాజిటర్లకు సొమ్ము తిరిగి చెల్లించామనీ, ఒక్క డిపాజిటరూ ఫిర్యాదు చేయలేదనీ, పత్రికను లొంగదీయడానికే ఈ కేసు అనీ సంస్థ వాదన. చట్టాన్ని ఉల్లంఘించినవారు పత్రికను కవచంగా వాడుకోరాదని ఫిర్యాదుదారు వాదన. రెండు వాదనలూ ఒకేసారి నిజం కావచ్చు. ఈ తరహా కేసులను అంచనా వేయడంలో కష్టం అదే.

2007 ఫిబ్రవరిలో వచ్చిన జీవో 938 నిరాధార వార్తలపై ప్రభుత్వం తరఫున పరువునష్టం కేసులు వేయడానికి సమాచార శాఖ కమిషనర్‌కు అధికారం ఇచ్చింది. పాత్రికేయ సంఘాలు వ్యతిరేకించాయి. 2008 జూన్‌లో ఆంధ్రజ్యోతి సంపాదకుడు కె.శ్రీనివాస్‌ను, పత్రిక సిబ్బంది నిరసనలో ఒక దళిత నాయకుడి దిష్టిబొమ్మను అవమానించారన్న ఫిర్యాదుపై ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అరెస్టు చేశారు.

అంతకు మూడు నెలల ముందు, 2008 మార్చిలో ముఖ్యమంత్రి కుమారుడు జగన్‌మోహన్ రెడ్డి సాక్షి పత్రికను, మరుసటి ఏడాది చానల్‌ను ప్రారంభించారు. దీంతో వివాదం స్వభావమే మారింది. ఇక ప్రభుత్వం ఒక వైపు, పత్రిక ఒక వైపు అన్న లెక్క చెల్లదు. రెండు రాజకీయ కుటుంబాలు, రెండు వ్యాపార సమూహాలు, రెండు పత్రికలు ఎదురెదురుగా నిలిచాయి. సాక్షిలో పెట్టుబడులు ప్రభుత్వ ప్రయోజనాలకు ప్రతిఫలంగా వచ్చాయన్న ఆరోపణపై సీబీఐ దర్యాప్తు సాగింది. 2012 మేలో సాక్షి యాజమాన్య సంస్థలైన జగతి పబ్లికేషన్స్, ఇందిరా టెలివిజన్ బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసింది. అదే నెల 27న జగన్ అరెస్టయ్యారు. ఈసారి పత్రికాస్వేచ్ఛ మీద దాడి అన్నది సాక్షి.

2018 డిసెంబరు 31న, ఉమ్మడి హైకోర్టు చివరి రోజున, మార్గదర్శి ఫైనాన్షియర్స్ మీది కేసు కొట్టివేతకు గురైంది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టి, విషయాన్ని మళ్లీ వినాలని తెలంగాణ హైకోర్టుకు పంపింది. ఈ మధ్యలో, 2023లో అప్పటి ముఖ్యమంత్రి జగన్ ప్రభుత్వంలోని ఏపీ సీఐడీ మార్గదర్శి చిట్‌ఫండ్‌పై కొత్త కేసులు పెట్టింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో రామోజీరావును జూబ్లీహిల్స్‌లోని కుటుంబ నివాసంలో మంచం మీద ఉండగా ప్రశ్నించారు. ఆయన 2024 జూన్ 8న మరణించారు. నాలుగు రోజులకు చంద్రబాబు నాలుగోసారి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

పంపిణీ మీద కూడా పోరు సాగింది. గ్రామ, వార్డు వలంటీర్లు విస్తృత ప్రచారం ఉన్న దినపత్రిక కొనేందుకు నెలకు రూ.200 ఇస్తూ 2022లో జగన్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఇది సాక్షి ప్రతులు పెంచడానికేనని ఈనాడు యాజమాన్య సంస్థ ఉషోదయ కోర్టుకెక్కింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది.

కేబుల్ ప్రసారాల నిలిపివేత

వార్తా చానల్‌ను చట్టప్రకారం నిషేధించాలంటే కారణం చూపాలి, ఉత్తర్వు ఇవ్వాలి, కోర్టులో సమర్థించుకోవాలి. కేబుల్ పంపిణీదారు, అంటే ఎమ్మెస్వో, 'సాంకేతిక కారణాల' వల్ల చానల్ రావడం లేదంటే ఈ బాధలేవీ ఉండవు. ప్రభుత్వం తనకు సంబంధం లేదంటుంది. తెలుగునాట ఇది కనీసం మూడుసార్లు, మూడు వేర్వేరు పార్టీల పాలనలో జరిగింది.

మొదటిది 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడిన తొలి నెలలో. కొత్త శాసనసభ్యులను ఎగతాళి చేస్తూ టీవీ9 ఒక వ్యంగ్య కార్యక్రమం ప్రసారం చేసింది. శాసనసభ దాన్ని తప్పుబట్టింది. జూన్ 16 నుంచి ఎమ్మెస్వోలు టీవీ9, ఏబీఎన్ ప్రసారాలు ఆపేశారు. ఇది నెలల తరబడి సాగింది. ఎమ్మెస్వోలది స్వచ్ఛంద నిర్ణయమని ప్రభుత్వం చెప్పింది. సెప్టెంబరు 9న వరంగల్‌లో కాళోజీ శతజయంతి సభలో ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు, తెలంగాణను కించపరిచే మీడియాను పది కిలోమీటర్ల లోతున పాతిపెడతామన్న అర్థంలో మాట్లాడారు. ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడు జస్టిస్ మార్కండేయ కట్జూ తీవ్రంగా ఆక్షేపించారు. అవమానం జరిగిందన్న భావన తెలంగాణ ఉద్యమకారుల్లో నిజంగా ఉండేది. ఆంధ్ర పెట్టుబడి చానళ్లు తెలంగాణ యాసను, నాయకులను వెక్కిరిస్తున్నాయన్న ఫిర్యాదు ఉద్యమ కాలం నాటిది. దీన్ని విస్మరిస్తే ఈ ఘట్టం సగమే అర్థమవుతుంది.

రెండోది 2019 సెప్టెంబరులో, జగన్ ప్రభుత్వం వచ్చిన కొద్ది నెలలకు. ఆంధ్రలో టీవీ5, ఏబీఎన్ చాలాచోట్ల కనిపించకుండా పోయాయి. ఈసారి పంపిణీదారుల్లో ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ కూడా ఉంది. టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్ టీవీ5ను పునరుద్ధరించాలని ఆదేశించింది. మూడోది 2024 జూన్‌లో. తెలుగుదేశం కూటమి గెలిచాక టీవీ9, ఎన్టీవీ, సాక్షి, 10టీవీ ఆంధ్రలో కేబుల్‌లో నిలిచిపోయాయి. జగన్ పార్టీ వైసీపీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు ఫిర్యాదు చేసింది. ప్రమేయం లేదని తెలుగుదేశం చెప్పింది. టీవీ9 ప్రసారాలు పునరుద్ధరించాలని ఢిల్లీ హైకోర్టు ఆ నెలాఖరులో పదిహేను మంది ఎమ్మెస్వోలను ఆదేశించింది. మూడు సందర్భాల్లోనూ రాతపూర్వక నిషేధం ఏదీ బయటికి రాలేదు.

టికెట్ ధర వివాదం (2021–22)

2021 ఏప్రిల్ 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో టికెట్ ధరలు నిర్ణయించింది. గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని థియేటర్‌లో రూ.5, 10, 15. నగరపాలక సంస్థల మల్టీప్లెక్సుల్లో రూ.75, 150, 250. మరుసటి రోజే పవన్ కల్యాణ్ 'వకీల్ సాబ్' విడుదలైంది. ఆయన జనసేన అధ్యక్షుడు, ప్రభుత్వానికి ప్రత్యర్థి. బెనిఫిట్ షోలకూ అనుమతి దొరకలేదు. సామాన్యుడికి వినోదం అందుబాటులో ఉంచడం, బ్లాక్ టికెట్ దందా ఆపడం లక్ష్యమని ప్రభుత్వం చెప్పింది. ఒక నటుడి మీద కక్షతో పరిశ్రమ మొత్తాన్ని శిక్షిస్తున్నారని విమర్శకులు అన్నారు. ఐదు రూపాయలకు టీ కూడా రాని రోజుల్లో ఆ ధర ఎలా నిర్ణయించారన్న ప్రశ్నకు ప్రభుత్వం నుంచి ఒప్పించే జవాబు రాలేదు. పెద్ద సినిమాలకు తొలివారం ఇష్టానుసారం ధరలు పెంచే అలవాటును పరిశ్రమా సమర్థించుకోలేకపోయింది.

2021 సెప్టెంబరు 25న హైదరాబాద్‌లో 'రిపబ్లిక్' ముందస్తు వేడుకలో పవన్ మంత్రులను, టికెట్ విధానాన్ని తీవ్ర పదాలతో విమర్శించారు. మంత్రి పేర్ని నాని అదే స్థాయిలో బదులిచ్చారు. ఫిలిం ఛాంబర్ వెంటనే, అవి వ్యక్తిగత అభిప్రాయాలని, పరిశ్రమవి కావని ప్రకటించింది. ఫిల్మ్‌నగర్ వాడుకలో ఈ తరహా ప్రకటనకు ఓ స్థిరమైన రూపం ఉంది: ప్రభుత్వాల సహకారం లేనిదే పరిశ్రమ లేదు. డిసెంబరులో నటుడు నాని ధరలు ప్రేక్షకులను అవమానించేలా ఉన్నాయన్నప్పుడు మంత్రులు ఆయన మీద విరుచుకుపడ్డారు. తోటి నటుల్లో బహిరంగంగా మద్దతు పలికినవారు తక్కువ. డిసెంబరు 14న హైకోర్టు సింగిల్ జడ్జి జీవో 35ను సస్పెండ్ చేశారు. అంతకుముందు నవంబరులో ప్రభుత్వం ఆన్‌లైన్ టికెట్ల అమ్మకాన్ని తన పోర్టల్ ద్వారా జరపడానికి చట్టసవరణ చేసింది.

2022 జనవరి 13న చిరంజీవి ఒంటరిగా తాడేపల్లి వెళ్లి జగన్‌ను కలిశారు. ఫిబ్రవరి 10న మహేశ్‌బాబు, ప్రభాస్, రాజమౌళి, కొరటాల శివ, ఆర్.నారాయణమూర్తి తదితరులతో కలిసి మళ్లీ వెళ్లారు. మార్చి 7న జీవో 13 ధరలు సవరించింది. ఆ నెల 25న 'ఆర్ఆర్ఆర్' విడుదలైంది. అంతకుముందు తీవ్రంగా విమర్శించిన పవన్ కల్యాణ్, నటుడు నాని ఆ సమావేశంలో లేరు.

ఈ అస్త్రం ఒక పార్టీదే కాదు. 2024 డిసెంబరు 4న 'పుష్ప 2' ప్రదర్శనప్పుడు సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక మహిళ మరణించింది. 13న ఆ చిత్ర కథానాయకుడు అల్లు అర్జున్‌ను జూబ్లీహిల్స్ ఇంట్లో అరెస్టు చేశారు. 21న తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తాను పదవిలో ఉండగా బెనిఫిట్ షోలు, ధరల పెంపు ఉండవని శాసనసభలో చెప్పారు. ఇది ప్రాణనష్టంతో మొదలైన విషయం, మాట మీద పుట్టింది కాదు. అయినా నటుడి పత్రికా సమావేశానికీ ముఖ్యమంత్రి ప్రసంగానికీ మధ్య అది మాటల పోరుగా మారింది. 2025 జనవరిలో 'గేమ్ ఛేంజర్'కు పెంపు ఇచ్చి, హైకోర్టు ప్రశ్నించాక వెనక్కి తీసుకున్నారు. ఆ చిత్ర నిర్మాత దిల్ రాజు అప్పటికే రాష్ట్ర చలనచిత్రాభివృద్ధి సంస్థ అధ్యక్షుడు.

2025 మేలో, థియేటర్లు మూసివేస్తామన్న ప్రదర్శకుల మాట పవన్ చిత్రం 'హరిహర వీరమల్లు' విడుదలకు ముందు వచ్చింది. ఆంధ్ర ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కార్యాలయం దాన్ని తమ ప్రభుత్వానికి పరిశ్రమ ఇచ్చిన 'రిటర్న్ గిఫ్ట్'గా వర్ణించింది. కూటమి వచ్చి ఏడాదైనా ముఖ్యమంత్రిని మర్యాదకైనా కలవలేదని ఆక్షేపించింది. 2021లో ప్రశ్నించిన నటుడే ఈసారి ప్రభుత్వం వైపున ఉన్నారు.

కథలపై అభ్యంతరాలు

2006 జూన్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం హాలీవుడ్ చిత్రం 'ది డావిన్సీ కోడ్'ను నిషేధించింది. అదే నెల హైకోర్టు నిషేధాన్ని కొట్టివేస్తూ, ధ్రువపత్రం పొందిన చిత్రాన్ని చూడకుండానే ఆపిన తీరును తప్పుబట్టింది. నిరసనల భయంతో ప్రదర్శన ఆపరాదన్న 1989 నాటి సుప్రీంకోర్టు రంగరాజన్ తీర్పు దీనికి ఆధారం. 2012 అక్టోబరులో 'కెమెరామన్ గంగతో రాంబాబు' విడుదలప్పుడు తెలంగాణ ప్రాంత నేతలు అభ్యంతరం చెప్పగా కొన్ని సన్నివేశాలు తొలగించారు.

రాంగోపాల్ వర్మ చిత్రాలు ఈ వర్గంలో ప్రత్యేకం. 'లక్ష్మీస్ ఎన్టీఆర్' 2019 ఎన్నికల ముందు ఆంధ్రలో విడుదల కాలేకపోయింది. 'వ్యూహం'పై నారా లోకేశ్ తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ధ్రువపత్రం రద్దై, మళ్లీ పరిశీలన జరిగి 2024 మార్చిలో విడుదలైంది. వీటిని ప్రత్యర్థి పార్టీ ప్రచార చిత్రాలనేవారున్నారు. ప్రచారమైనా వాక్కే కదా అన్నది ఎదురు వాదన. 2024 నవంబరులో సామాజిక మాధ్యమ పోస్టులపై ప్రకాశం జిల్లా మద్దిపాడులో వర్మపై కేసు నమోదైంది.

రాజద్రోహం, అరెస్టులు

2019 అక్టోబరులో జీవో 2430 ద్వారా జగన్ ప్రభుత్వం పరువునష్టం ఫిర్యాదుల అధికారాన్ని ఆయా శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. 2021 మే 14న సొంత పార్టీ అసమ్మతి ఎంపీ కె.రఘురామకృష్ణరాజును ఏపీ సీఐడీ హైదరాబాద్‌లో అరెస్టు చేసింది. రాజద్రోహం ఎఫ్ఐఆర్‌లో టీవీ5, ఏబీఎన్ పేర్లూ చేర్చింది. మే 31న సుప్రీంకోర్టు చానళ్లపై బలవంతపు చర్యలు ఆపి, రాజద్రోహానికి హద్దులు నిర్వచించాల్సిన సమయం వచ్చిందని వ్యాఖ్యానించింది. మరుసటి ఏడాది మేలో 124ఎ సెక్షన్ అమలునే నిలిపివేసింది. జాతీయ స్థాయిలో ఆ చర్చకు ఊపు ఇచ్చిన కేసుల్లో ఇదొకటి.

ప్రభుత్వం మారాక పాత్రలు తారుమారయ్యాయి. రఘురామ శాసనసభ ఉపసభాపతి అయ్యారు. టీవీ5 అధినేత బి.ఆర్.నాయుడు తిరుమల తిరుపతి దేవస్థానం చైర్మన్ అయ్యారు. సాక్షి టీవీ చర్చలో ఒక విశ్లేషకుడు అమరావతి మహిళలను కించపరిచారన్న కేసులో, ఆ చర్చను నిర్వహించిన సీనియర్ పాత్రికేయుడు కొమ్మినేని శ్రీనివాసరావును 2025 జూన్ 9న ఆంధ్ర పోలీసులు హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. 13న సుప్రీంకోర్టు విడుదలకు ఆదేశించింది. అతిథి అన్న మాటకు వ్యాఖ్యాత నవ్వడం నేరమెలా అవుతుందన్నది అక్కడి చర్చ.

ఇతర దేశాల్లో

అమెరికాలో దగ్గరి పోలిక డిస్నీ సంస్థకూ ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిశాంటిస్‌కూ మధ్య 2022లో మొదలైన వివాదం. పాఠశాలల్లో లైంగికత బోధనను పరిమితం చేసిన చట్టాన్ని డిస్నీ బహిరంగంగా వ్యతిరేకించింది. దాని థీమ్‌పార్కు ఉన్న రీడీక్రీక్ ప్రత్యేక జిల్లా పాలకమండలిని రాష్ట్రం తన అధీనంలోకి తీసుకుంది. అది ప్రతీకారమంటూ 2023 ఏప్రిల్‌లో డిస్నీ దావా వేసింది. 2024 జనవరిలో ఫెడరల్ కోర్టు కొట్టివేసింది, మార్చిలో రాజీ కుదిరింది. అక్కడ కంపెనీ తన అభిప్రాయం తన పేరుతో చెప్పి, ప్రతీకారమని కోర్టులో వాదించింది. హైదరాబాద్‌లో సినిమా నిర్మాణ సంస్థలు అలా ముఖాముఖి దావా వేసిన సందర్భాలు అరుదు. ఇక్కడ కోర్టుకు ఎక్కువగా వెళ్లేది పత్రికలు, చానళ్లు, థియేటర్ యజమానులు.

ప్రాధాన్యం, ప్రభావం

మీడియా యాజమాన్యం పార్టీల వారీగా చీలడం ఈ వివాదాల పెద్ద ఫలితం. సాక్షి వైసీపీ అధినేత కుటుంబానిది. నమస్తే తెలంగాణ, టీ న్యూస్ చంద్రశేఖరరావు పార్టీ భారాస వైపువి. వి6, వెలుగు రాజకీయాల్లో ఉన్న వివేక్ కుటుంబానివి. 'దుష్టచతుష్టయం', 'పచ్చమీడియా', 'బులుగు మీడియా' అన్న తిట్లు వేదికల మీద మామూలయ్యాయి. పాఠకుడు ఒకే సంఘటనకు రెండు పత్రికలు కొని మధ్యలో నిజం వెతుక్కోవడం తెలుగునాట అలవాటు. స్వతంత్ర సంస్థకు చోటు తగ్గింది. ప్రభుత్వ ప్రకటనల మీద ఆధారపడే జిల్లా స్థాయి చిన్న పత్రికలకు ఈ పోరులో గొంతే లేదు. న్యాయస్థానాలు చాలాసార్లు వాక్కు వైపే నిలిచాయి. అయితే చానల్ ఆగిన రోజులకూ, తొలివారం పోయిన వసూళ్లకూ తీర్పు పరిహారం ఇవ్వదు.

2025 సెప్టెంబరు 25న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో, 2022 నాటి తాడేపల్లి సమావేశం మళ్లీ చర్చకు వచ్చింది. చిరంజీవి గట్టిగా అడిగాకే జగన్ కలిశారని బీజేపీ సభ్యుడు కామినేని శ్రీనివాస్ అన్నారు. ఎవరూ గట్టిగా అడగలేదని హిందూపురం సభ్యుడు బాలకృష్ణ ఖండించారు. సభ బయట ఉన్న చిరంజీవి అదే రోజు తన వైపు వివరణతో ప్రకటన విడుదల చేశారు. శాసనసభలో అన్న మాటకు 194(2) అధికరణం రక్షణ ఉంది, పత్రికా ప్రకటనకు లేదు. తర్వాత కామినేని తన వ్యాఖ్యలను రికార్డుల నుంచి తొలగించాలని కోరారు.